పత్తిగింజ సూర్యుడు

ఈ జ్ఞాపకంలో పేర్లు రాయను. నాతో పనిచేసినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లు చదివితే నా మీదికి పోట్లాటకొస్తారు. నేను కూడా ఇరవయ్యేళ్లు అరువు పేరుతోనే కథలు రాశాను, బొమ్మలు వేశాను. అందుకని ఒక్కొక్కరినీ వాళ్లు చేసిన పనినిబట్టే పిలుస్తాను. అప్పట్లో పిలిచిందీ అట్లాగే.

నా ఉద్యోగం డ్రాయింగు మాస్టరు. డెబ్బైల చివర్లో నన్నొక ఆశ్రమ పాఠశాలకు వేశారు. ఖమ్మం నుంచి కొత్తగూడెం పోయే బస్సు ఏన్కూరు దాటి, జూలూరుపాడు దాటి, ఒక మలుపులో నన్నూ నా ట్రంకుపెట్టెనూ దింపేసి దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. అక్కణ్ణుంచి టేకు చెట్ల మధ్య గంటన్నర నడక. చుట్టుపక్కల కోయగూడేల పిల్లలు వందమంది దాకా అక్కడే ఉండి చదువుకునేవారు. రికార్డుల్లో ఉన్న ఉద్యోగం అది. రికార్డుల్లో లేనిది ఇంకోటుంది. గ్రహాల బొమ్మలు వేయడం, మనిషి అడుగుపెట్టని చోట్లకు మనిషిని పంపి నవలలు రాయడం. బెజవాడలో ఒక వారపత్రిక నా బొమ్మల్ని లోపలి పేజీల్లో, తపాలాబిళ్ల కన్నా కాస్త పెద్దవిగా, వేసేది.

ఇవాళ కంప్యూటర్ల మీద గ్రహాలు గీసే పిల్లలు నన్ను అడుగుతుంటారు, అప్పట్లో మీరు ఏం చూసి వేసేవారండీ అని. నాయనా, అడవిని చూసి వేసేవాణ్ణి. ఎండిపోయిన వాగు అడుగు నాకు అంగారకుడు. కోసిన టేకు మొద్దు మీద వలయాలు శనిగ్రహం. గురుగ్రహం మీది మబ్బుల కోసమైతే బడి వంటింటికి పోయేవాణ్ణి. అంత పెద్ద గుండిగలోంచి గంజి వారుస్తుంటే దాని మీద నురగ తిరిగే తీరు చూస్తూ నోట్‌బుక్కులో గీసుకునేవాణ్ణి. నల్లటి అట్ట మీద టూత్‌బ్రష్షుతో తెల్లరంగు చిమ్మితే చుక్కలు. ఇంతే నా అంతరిక్షం.

ఆ గంజి వార్చే మనిషిని అందరం వంటక్క అనేవాళ్లం. అక్కడికి రెండు గూడేల అవతల మనిషి, కోయామె. మొగుడు పోయాడు. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. నేను పొయ్యి దగ్గర కూర్చుని గంజిలోకి చూస్తుంటే మొదట్లో నా ఆకలి తీరడం లేదనుకుంది. ఒక గ్లాసు గంజి, అందులో ఇంత ఉప్పు వేసి నా పక్కన పెట్టి పోయేది. కొన్నాళ్లకు నోట్‌బుక్కులోకి తొంగి చూసి, "గంజిని గీస్తున్నవా సారూ? గీస్తే ఏమొస్తది?" అంది. ఇది ఆకాశంలో ఉండే పెద్ద గ్రహం అన్నాను. కాసేపు ఆలోచించి, "గట్లనా. మరి గాడ అన్నం ఎవలు తింటరు?" అని అడిగింది. ఆ ప్రశ్న మీద నేను తర్వాత ఒక నవలే రాశాను.

ఎనభయ్యో సంవత్సరం ఫిబ్రవరిలో సంపూర్ణ సూర్యగ్రహణం పడుతుందని పేపర్లలో వచ్చింది. పటం కూడా వేశారు. నీడ పోయే దారి మా జిల్లా మీదుగానే ఉంది. దేశదేశాల శాస్త్రజ్ఞులు పెట్టెలకు పెట్టెలు సామాను మోసుకుని హైదరాబాదు దగ్గరికి వస్తున్నారట. నేను మాత్రం బడి మైదానంలోకి పోయి నిలబడితే చాలు. పటం మీద వేలు పెట్టి మా ఊరు వెతికి, అది నీడ లోపల ఉందని తేలాక, ఆ పూట నేను పాఠం చెప్పలేకపోయాను.

అప్పుడే ఎడిటరు గారి ఉత్తరం వచ్చింది. 'గ్రహణాన్ని కళ్లారా చూసి బొమ్మ వేసి పంపండి. ముఖచిత్రం మీదే. అదే సంచికలో మీ సీరియల్ మొదలుపెడతాం. గ్రహణం అయిన మూడో రోజుకు మా చేతికి అందాలి. అందకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాను, ఏమీ అనుకోవద్దు.' సీరియల్‌గా వేస్తామన్న ఆ నవల అప్పటికి మూడేళ్లుగా నా ట్రంకుపెట్టెలో నిద్రపోతోంది. ఉత్తరాన్ని బళ్లో అందరికీ చదివి వినిపించాను. వినిపించుకోనివాళ్లకు రెండోసారి వినిపించాను.

తయారీ మామూలుగా చేయలేదు. ముందుగానే ఒక బొమ్మ వేసి పెట్టుకున్నాను. నల్లటి బిళ్ల, చుట్టూ ఎర్రగా, నారింజరంగులో ఎగసే మంటలు. అసలుది చూశాక చిన్నచిన్న దిద్దుబాట్లు చేసి పంపేయొచ్చని నా ఎత్తు. కళ్లు పోతాయని పేపర్లు రోజూ రాస్తున్నాయి కాబట్టి కొత్తగూడెం దవాఖానాలో కాంపౌండరును బతిమాలి ఒక ఎక్స్‌రే ఫిల్ము తెచ్చాను. దాని మీద ఎవరివో పక్కటెముకలు.

"ఎవరివన్నా ఇవి?" అన్నాను.

"ఎవలియైతే ఏంది సార్. మంచిగనే ఉన్నడు, మొన్న బజార్ల కనిపించిండు," అన్నాడు కాంపౌండరు.

ఫిల్మును మడిచి, నల్లగా ఉన్న భాగం కళ్లకు వచ్చేట్టు అట్టముక్కకు కుట్టి, వెనకాల తాడు కట్టాను. పెట్టుకుంటే పట్టపగలు కూడా సూర్యుడు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

ఆ రోజు బడికి సెలవు. పిల్లలందరినీ పొద్దున్నే పెద్ద హాల్లో కూర్చోబెట్టి కిటికీలకు దుప్పట్లు కట్టారు. హెడ్మాస్టరు గారిది కోస్తా నుంచి వచ్చి మధిర వైపు భూములు కొనుక్కున్న కుటుంబం. మంచి మనిషి, భయం మాత్రం ఎక్కువ. ఆయన భార్య బళ్లో ఉన్న తిండి పదార్థాలన్నిటి మీదా గరికపోచలు వేయించింది. హాలు మధ్యలో ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. గ్రహణం పట్టి ఉన్నంతసేపూ అది నిలబడి ఉంటుందనీ, విడిచాక పడిపోతుందనీ చెప్పింది. మా లెక్కల మాస్టరు కారేపల్లి వైపు మనిషి, దేన్నీ ఊరికే నమ్మడు.

"రోకలి ఏంది, గ్రహణం ఏంది! నేను ఈడనే కూసుంట. ఎప్పుడు పడుతదో టైము రాసుకుంట," అని గడియారం విప్పి ఒళ్లో పెట్టుకుని రోకలి ముందు మఠం వేసుకున్నాడు.

"ఏవండీ డ్రాయింగు మాస్టారూ, మీరు కూడా లోపలే ఉండకూడదూ? మీకేమన్నా అయితే డిపార్టుమెంటుకి నేను సమాధానం చెప్పుకోవాలండీ," అన్నారు హెడ్మాస్టరు గారు.

నేను వినలేదు. రంగులు, బ్రష్షులు, ప్యాడు చంకన పెట్టుకుని మైదానంలోకి పోయాను. మధ్యాహ్నం రెండు దాటాక సూర్యుడి అంచు కొరికినట్టయింది. ఆ తర్వాతి గంటంతా నేను బతికింది ఈ లోకంలో కాదు. వెలుగు తగ్గుతోంది కానీ సాయంకాలం తగ్గినట్టు కాదు. ఎండ ఎండలాగే ఉంది, పలచబడుతోంది. వేపచెట్టు కింద నేల మీద ఆకుల సందుల్లోంచి పడే వెలుతురు చుక్కలన్నీ నెలవంకలైపోయాయి. కొన్ని వేల నెలవంకలు, గాలికి ఆకు కదిలితే అవన్నీ ఒక్కసారి ఊగేవి. వాటి మీద కాలు పెట్టడానికి మనసు రాక చెట్టు చుట్టూ తిరిగి వెళ్లాను. అడవి అంచున ఆకు రాలిన టేకు చెట్లు, పూసిన మోదుగులు, అన్నీ ఎవరో కలగంటున్నట్టు నిలబడి ఉన్నాయి. నేను రాసిన లోకాల్లో ఇట్లాంటి వెలుగు ఎక్కడా లేదు. ఆనందంతో నాకు ఏడుపొచ్చింది. నాలుగు కావడానికి కాస్త ముందు సూర్యుడు సన్నటి తీగంత మిగిలాడు. అట్ట కళ్లకు బిగించి కట్టుకుని తలెత్తాను.

తీగ కూడా పోయింది. అంతా నలుపు.

మబ్బు వచ్చిందేమోననుకున్నాను. చూస్తూ ఉన్నాను. ఎక్కడో కోళ్లు గూటికి పోతున్న చప్పుడు, దూరంగా గూడెంలో డోలు. ఎదురుగా ఏమీ లేదు. అప్పుడు వెనక నుంచి అడుగుల చప్పుడు. మైదానం చివర కట్టేసిన తన మేక అరుస్తుంటే చీకటి పడిందని విప్పుకుపోవడానికి వంటక్క బయటికొచ్చింది. వచ్చి, ఆగిపోయి, కోయ మాటల్లో ఏదో అంది. నాకు అర్థం కాలేదు. తర్వాత అరిచింది.

"సారూ! గా అట్ట తియ్యి! అట్ట తీసి చూడు!"

"చూడకు! కళ్లు పోతాయి, లోపలికి పో!" అని నేనూ అరిచాను.

"పోవు సారూ, సల్లగున్నది! తియ్యి జల్దీ!"

"నీకు తెలియదు, నే చెప్తున్నా కదా, పో!"

ఆమె పోలేదు. కళ్లకు ఆ పక్కటెముకలు కట్టుకుని తలెత్తి నేను నలుపులోకే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఫిల్ములో ఒక వెలుగు చుక్క పడింది. సూర్యుడు మళ్లీ వస్తున్నాడు. కోడి కూసింది. రెండు నిమిషాల పైచిలుకు, అంతే, అయిపోయింది.

పిల్లలూ, మీకిప్పుడు ఎవరైనా చెప్తారు. సూర్యుడు పూర్తిగా కప్పబడిన ఆ కాసేపట్లో నల్ల ఫిల్ములోంచి ఏమీ కనిపించదు, ఉత్త కళ్లతో చూడొచ్చు, చూడాలి కూడా, ఒక్క పిసరు వెలుగు తిరిగి రాగానే చూపు తిప్పేసుకోవాలి. అంతరిక్షం మీద పుస్తకాలు రాసిన నాకు ఆ సంగతి తెలియదు. అట్ట తీసి కింద పారేసి, హాల్లోకి వెళ్లేసరికి రోకలి ఇంకా నిలబడే ఉంది. లెక్కల మాస్టరు దాన్ని కళ్లార్పకుండా చూస్తున్నాడు. జిల్లా మొత్తానికి చదువుకున్నవాళ్లం ఇద్దరం, ఒకడు రోకలిని చూస్తూ, ఒకడు ఎముకల్ని చూస్తూ గడిపేశాం.

ఆ రాత్రి నాకు సిగ్గు ఒక వైపు, భయం ఒక వైపు. వంటక్క ఉత్త కళ్లతో చూసింది, తెల్లారి చూపు ఉంటుందో లేదో. పొద్దున్నే వంటింటికి పరిగెత్తాను. చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. నా కళ్లకు ఆనని చిన్నచిన్న రాళ్లు కూడా ఏరి పారేస్తోంది. అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది నా జీవితంలో అప్పుడే.

ముందే వేసిన బొమ్మ తీసుకెళ్లి చూపించాను. "ఇట్లాగే ఉందా?"

కొంగుతో చేతులు తుడుచుకుని చూసింది. మర్యాదకు రెండోసారి కూడా చూసింది.

"గిది పొయ్యి సారూ," అంది చివరికి. "నేను దినాం చూసేదే. నిన్నటిది గిట్ల లేదు."

"మరెట్లా ఉంది?"

చెప్పడానికి మాట దొరక్క అటూ ఇటూ చూసింది. దీపం వత్తుల కోసం గూట్లో పెట్టుకున్న పత్తి కొంచెం తెచ్చి, ఒక గింజను పట్టుకుని, దాని చుట్టూ ఉన్న దూదిని రెండు వేళ్లతో మెల్లగా అన్ని వైపులకూ లాగింది. మధ్యలో నల్లటి గింజ. చుట్టూ తెల్లటి పోగులు, కొన్ని పొడుగు, కొన్ని పొట్టి, చివరికి పోనుపోను కనిపించకుండా పోయేవి. దాన్ని పొయ్యి మసి పట్టిన గోడకు ఆనించి పట్టుకుంది.

"గిదీ. గిట్ల. గింజ ఇంకా నలుపు. దగ్గర్ల చిన్న చుక్క ఒకటి, పైన పెద్ద చుక్క. ఆకాశం నల్లగ లేదు, నేరేడుపండు రంగున్నది. నాలుగు దిక్కులా అడవి మీద పొద్దుగూకినట్టు ఎర్రగున్నది. నువ్వు గింత కూడ చూల్లేదా సారూ?"

"చూడలేదు," అన్నాను. ఆమె నవ్వలేదు. అందుకు ఆమెకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

రెండు రోజులు వంటింటి వసారాలోనే కూర్చుని వేశాను. నేను వేయడం, ఆమె పప్పు కలిపి వచ్చి చూసి తల అడ్డంగా ఊపడం. తెలుపు ఎక్కువైందంది, పోగులు దువ్వినట్టున్నాయంది. చుక్కల సంగతి నాకు నమ్మకం కుదరక హెడ్మాస్టరు గారింట్లో పంచాంగం తిప్పాను. బుధుడు, శుక్రుడు, సరిగ్గా ఆమె చెప్పిన వైపునే ఉన్నారు. రెండో రోజు మధ్యాహ్నం నేను నేరేడు రంగు కలిపి ఆఖరి పూత వేశాక, గరిటె చేత్తో పట్టుకునే చాలాసేపు నిలబడి చూసింది.

"అవ్. గిదే," అంది.

ఇప్పుడు నేను చేసిన పని చెప్తాను. ఎడిటరు గారికి ఉత్తరం రాయడానికి కూర్చుని మూడు కాగితాలు చింపాను. మొదటిదాంట్లో నిజం రాశాను. చదువుకుంటే నా సీరియల్ పోతున్నట్టు అనిపించింది. నాలుగో కాగితం మీద 'స్వయంగా చూసి వేసిన బొమ్మ' అని రాసి, బొమ్మతో కలిపి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేశాను.

బొమ్మ ముఖచిత్రంగా వచ్చింది. కింద ఒక వరస: 'అడవిలో నిలబడి గ్రహణాన్ని కళ్లారా చూసిన మా చిత్రకారుడి కుంచె నుంచి'. పక్కనే నా అరువు పేరు. బడంతా చేతులు మారి పత్రిక చివరికి వంటింటికి చేరింది. వంటక్కకు చదవడం రాదు. బొమ్మను చూసి మురిసిపోయి, కింద వరస మీద వేలు పెట్టింది.

"గిదేం రాసిండ్రు సారూ?"

నా నోట్లోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. "గ్రహణాన్ని చూసి చెప్పింది ఈ బడి వంటక్క అని," అన్నాను.

"వంటక్క అనేనా, పేరు రాసిండ్రా?"

"పేరే రాశారు."

ఆమె తన పేరు పలికి, "గట్లనే ఉన్నదా?" అంది. "అవునమ్మా, అట్లాగే ఉంది," అన్నాను. రెండేళ్లు ఆమె చేతి అన్నం తిన్నాను. ఆమె పేరు వినడం అదే మొదలు.

పత్రికను అక్కడే వదిలేసి వచ్చేశాను. మరుసటి ఏడాదే నాకు బదిలీ అయింది. సీరియల్ బాగా ఆడింది. ఆ ముఖచిత్రం చూసి మిగతా పత్రికలూ పిలిచాయి. ఎవరో ఖగోళశాస్త్రం ప్రొఫెసరు, ఆ సంవత్సరం గ్రహణంలో సూర్యుడి చుట్టూ కనిపించే వెలుగు కిరీటం అచ్చంగా అన్ని వైపులకూ సమంగా విచ్చుకుని ఉందనీ, మంటల్లాగా వేయకుండా పోగుల్లాగా వేసింది దేశంలో నేనొక్కణ్ణేననీ ఉత్తరం రాశారు. నాకు పేరు తెచ్చిన బొమ్మ అదే. ఎక్కడ సన్మానం చేసినా దాన్నే పటం కట్టి ఇచ్చేవారు. ఇంటి నిండా ఆ సూర్యుడే. నేను చూడని సూర్యుడు.

తొంభైలు సగం గడిచాక ఆ బడి వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. సభ అయ్యాక గూడెం దారి అడిగి వెళ్లాను. వంటక్క పని మానేసి చాలా కాలమైందట. జుట్టు నెరిసింది. ఒక చూపు చూసి, "డ్రాయింగు సారు!" అని గుర్తుపట్టి నులకమంచం వాల్చింది. నాకు ఇప్పసారా ఇవ్వాలా, గంజి ఇవ్వాలా అని అడిగింది. గంజి అన్నాను. ఉప్పు వేసి ఇచ్చింది. గోడకు ఆ ముఖచిత్రం ఉంది, చుట్టూ ప్లాస్టిక్ కాగితం కప్పి. కింద వరస దగ్గర వేలి మరకలతో కాగితం నల్లబడింది.

"ఎవలొచ్చినా సూపిస్త సారూ. ఫారెస్టోళ్లు వొచ్చినా సూపిస్త. నా మనుమరాలు సదువుకుంటున్నది, దానితోని సదివిస్త. ఓ పిల్లా! సారుకు సదివి ఇనిపియ్యి."

యూనిఫారంలో ఉన్న పిల్ల, పన్నెండేళ్లుంటాయి, గోడ దగ్గరికి వచ్చింది. నేను గంజి గ్లాసు కింద పెట్టేశాను. పిల్ల అచ్చు మీద వేలు పెట్టి, కానీ అచ్చు వైపు చూడకుండా నా వైపు చూస్తూ, గట్టిగా చదివింది: "గ్రహణాన్ని చూసి చెప్పింది ఈ బడి వంటక్క..." తర్వాత నాయనమ్మ పేరు, ఒక్కో అక్షరం విడివిడిగా. ముసలామె వింటూ తల ఊపింది, రోజూ వినే పాట విన్నట్టు.

బస్సు రోడ్డు దాకా ఆ పిల్లే దారి చూపించడానికి వచ్చింది. టేకు చెట్ల మధ్య ఆ పిల్ల ముందు, నేను వెనక నడిచాం.

"మూడో తరగతిలనే సదివిన సార్," అంది ఉన్నట్టుండి. "గాడ గట్ల లేదు కద. అవ్వకు చెప్పలే."

నేను దారిలోని రాళ్ల వంకే చూస్తూ నడిచాను.

"మీరు ఇంకా రాస్తుండ్రు కద సార్? గప్పుడు మర్చిపోయిండ్రేమో. ఈసారి రాసినప్పుడు అవ్వ పేరు రాయిండ్రి."

రాస్తానన్నాను. బస్సెక్కాను. ఆ తర్వాత నాలుగు నవలలు రాశాను, ఒక్కదాంట్లోనూ రాయలేదు. ముందుమాటలో రాద్దామనుకుని మానేశాను, ఇంటర్వ్యూలో చెబుదామనుకుని మాట మార్చాను. ధైర్యం లేకపోయింది, అంతకన్నా పెద్ద కారణం లేదు. ఇప్పుడు ఆ ముసలామె లేదు. ఆ పిల్ల ఏదో బళ్లో టీచరని విన్నాను. ఈ కాగితం ఆమె చేతిలో పడుతుందనే ఆశతోనే ఇదంతా రాశాను. ఎవరి పేరూ రాయనని మొదట్లో అన్నాను. ఒక్క పేరు రాస్తాను.

గ్రహణాన్ని చూసి చెప్పింది ఆ బడి వంటక్క, జోగమ్మ.